ఫ్రిజ్‌లో రెండు సీసాలు

తెల్లవారుజాము 3 గంటలు. భీమిలి తీరంలో రొయ్య పిల్లల హ్యాచరీ. నీ చేతిలో గాజు బీకరు. టార్చికి ఎదురుగా పట్టి చూడు. కంటికి ఆనీ ఆనని చుక్కలు ఎగిరెగిరి పడుతూ ఈదుతున్నాయి. నిన్న సాయంత్రం దాకా ఇవి నాప్లీలు, పొట్టలో సొన మీద బతికాయి. ఇప్పుడు జోయియా దశ. నోరు తెరిచాయి. మేత తిన్న పిల్ల వెనక సన్నటి మలం పోగు వేలాడాలి. ఒక్కదానికీ లేదు.

వీటి మేత కీటోసిరాస్ అనే ఆల్గే. బంగాళాఖాతంలో అల్పపీడనం, రెండ్రోజులుగా ఎండ లేదు. బయటి ట్యాంకుల్లో గోధుమరంగు పోయి నీళ్లు తేరాయి. ఇక మిగిలింది ఫ్రిజ్‌లో దాచిన ఆల్గే పేస్టే.

తలుపు తీస్తావు. రెండు సీసాలు. రెంటి మీదా ఒకే తేదీ.

మొదటిది కుదుపు. మడ్డి లేచి కలిసిపోయింది. మూత తీస్తే పచ్చి నాచు వాసన. రెండోది కుదుపు. ముద్ద కదల్లేదు. మూత తీయగానే తల తిప్పేశావు. కుళ్లిన గుడ్డు కంపు.

ఒకే రోజు సరుకు, ఒకే చలి. మరి ఇదేంటి? జొన్నగిరి వాడివి కదా. తొలకరికి మీ ఎర్రచేలో దొరికిన వజ్రం పదేళ్లు మూటలో ఉన్నా వజ్రమే. ఈ ఆల్గే ప్రాణి. సీసాలోనూ ఊపిరి తీసుకుంటుంది. ఆక్సిజన్ అయిపోతే చచ్చి కుళ్లుతుంది. 4 డిగ్రీల చలి దాన్ని ఆలస్యం చేస్తుందంతే. గడ్డకట్టిద్దామంటే మంచు పలుకులు కణాలను చీల్చేస్తాయి. నానోక్లోరాప్సిస్ అనే ఆల్గే అయితే ఫ్రిజ్‌లో వారాలు ఓర్చుకునేది. కీటోసిరాస్ అంత మొండిది కాదు.

మైక్రోస్కోపులో చూడు. మొదటి చుక్కలో కణాల మూలల నుంచి పొడుగాటి ముళ్లు, లోపల నిండుగా గోధుమరంగు. రెండో చుక్కలో ముళ్లు విరిగాయి. సిలికా డొల్లలు ఖాళీ. మధ్యలో గిలగిలలాడే బాక్టీరియా.

రిజిస్టరు తిప్పు. మొదటిది మంచి జోరు మీదున్న మూడో రోజు కల్చరు. రెండోది ముదిరిన ట్యాంకుది. డొల్ల కట్టుకోవడానికి కావలసిన సిలికేట్ అయిపోయి పెరుగుదల ఆగింది. ఆగినా రెండు రోజులు వదిలేశారు. అలాంటప్పుడు కణాల సారం నీళ్లలోకి కారుతుంది, దాని మీద బాక్టీరియా బలుస్తుంది. పైగా పేస్టు చేసేటప్పుడు సెంట్రిఫ్యూజ్ వేగం పెంచి తిప్పారు. సీసాలోకి దిగేసరికే సరుకు సగం చచ్చింది. ఫ్రిజ్‌ను తిట్టి లాభం లేదు.

"ఒక్క సీసా నాలుగు ట్యాంకులకు చాలదన్నా. రెండోదీ కలిపేద్దామా?" పక్కనున్న కుర్రాడు అడుగుతాడు.

కలిపితే విబ్రియో బాక్టీరియా ట్యాంకుల్లోకి చేరుతుంది. కలపకపోతే పస్తు.

మూడున్నర.

తేల్చు.

వద్దు. బ్లీచింగ్ కలిపి పారబొయ్. మంచి సీసా నాలుగు పాళ్లు చెయ్. కొద్దికొద్దిగా పొయ్. గాలి ఆపకు. లోటుకు స్పిరులినా పొడి. నీళ్లలో కలుపు. వడగట్టు. పొయ్.

తెల్లారాక ఒక పని చెయ్. సీసా మీద తేదీ ఒక్కటే కాదు, ఎన్నో రోజు కల్చరో, సిలికేట్ ఎప్పుడు వేశారో, సెంట్రిఫ్యూజ్ ఎంత వేగాన తిప్పారో రాయి. సీసా నిండా పట్టకు, రోజూ కుదుపు. ముదిరిన ట్యాంకు నుంచి మాత్రం నిల్వకు చుక్క కూడా తీయకు.