ఆమె ఏమనుకుందో ఎవరూ రాయలేదు

కథ రాసినందుకు ఒక సంఘ పెద్దకు పదవి ఊడింది. ఇది దాదాపు 1800 ఏళ్ళ కిందటి మాట. రోమన్ల ఆసియా రాష్ట్రంలో, అంటే నేటి పశ్చిమ టర్కీ ప్రాంతంలో జరిగింది. పౌలు బోధ విని కుదిరిన పెళ్ళి కాదనుకున్న తెక్ల అనే అమ్మాయి చుట్టూ ఆయన కథ అల్లాడు. నిలదీస్తే పౌలు మీది ప్రేమ కొద్దీ రాశానని ఒప్పుకున్నాడట. క్రీ.శ. 200 ప్రాంతంలో ఈ ముచ్చట రాసిపెట్టింది కార్తేజి నగరానికి చెందిన తెర్తుల్లియన్. ఆయన కోపానికి కారణం ఆ కథలోనే ఉంది. మృగాల పాలు చేద్దామని తనను రంగస్థలంలోకి తోస్తే, తెక్ల అక్కడున్న నీటి మడుగులోకి దూకి, సీళ్ళ మధ్య తనకు తానే బాప్తిస్మం ఇచ్చుకుంటుంది. తెక్ల చేయగా లేనిది మేమెందుకు చేయకూడదని ఆడవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. రాసినవాడి పదవి పోయింది గానీ కథ పోలేదు. నేటి సిలిఫ్కె దగ్గర తెక్ల పేరు మీద వెలిసిన యాత్రాస్థలానికి శతాబ్దాల పాటు జనం తరలివెళ్ళారు.

తెక్ల బైబిలులో లేదు కాబట్టి రచయితకు అడ్డూ అదుపూ లేకపోయింది. బైబిలులో ఉన్న స్త్రీల సంగతి వేరు. వాళ్ళ గురించి గ్రంథం చెప్పేది తక్కువ. ఆ కాస్తను మాత్రం దాటరాదు. అమెరికాలో ఇప్పుడు పెద్ద వ్యాపారంగా నడుస్తున్న 'బైబిలు స్త్రీల నవల' పుట్టింది ఈ ఇరుకులోనే. రూతమ్మ, ఎస్తేరమ్మ, మార్తమ్మ అని పిల్లలకు పేర్లు పెట్టుకునే మన క్రైస్తవ కుటుంబాల్లో ఈ స్త్రీలు ఇంటి మనుషులే. స్త్రీల కూడికల్లో వాళ్ళ గురించి వాక్యం చెప్పని ఏడాది ఉండదు. వాళ్ళు కథానాయికలుగా మారిన చరిత్రను మాత్రం మన దగ్గర పెద్దగా పట్టించుకోలేదు.

ఆ చరిత్ర ఆసెనతుతో మొదలుపెట్టాలి. యోసేపు భార్య ఈమె. ఓను పట్టణపు యాజకుడు పోతీఫెర కూతురని, ఇద్దరు కొడుకులను కన్నదని తప్ప ఆదికాండంలో ఆమె గురించి ఇంకేమీ లేదు. అంత భక్తుడైన యోసేపు ఒక విగ్రహారాధకుడి పిల్లను ఎలా చేసుకున్నాడన్న ప్రశ్న చదివినవాళ్ళను వేధించింది. దానికి జవాబుగా గ్రీకులో ఒక కథ పుట్టింది. రాసిందెవరో తెలియదు, కాలం మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. 6వ శతాబ్దం నాటికి సిరియా భాషలోకి మాత్రం వచ్చేసింది.

అందులో ఆసెనతు పొగరుబోతు. మేడ మీద ఏడుగురు చెలికత్తెలతో ఉంటుంది. యోసేపును పెళ్ళాడమని తండ్రి అంటే, కనాను నుంచి వచ్చిన గొర్రెల కాపరి కొడుకు నాకెందుకని కసురుతుంది. తీరా రథం మీద వస్తున్న అతణ్ణి కిటికీలోంచి చూసి డీలా పడిపోతుంది. ఈసారి వెనక్కి తగ్గడం యోసేపు వంతు. విగ్రహాలకు పెట్టిన తిండి తిన్న నోటిని ముద్దాడనంటాడు. ఆమె గోనెపట్ట కట్టుకుని, బూడిద పరుచుకుని ఏడు రోజులు ఉపవాసం ఉంటుంది. బంగారు, వెండి విగ్రహాలను పగలగొట్టి బీదలకు పారేస్తుంది. తన రాజభోజనాన్ని కిటికీలోంచి కుక్కలకు విసురుతుంది. తన కుక్కలకు కాదు, పరాయి కుక్కలకు. విగ్రహాల నైవేద్యం తన పెంపుడు కుక్కలు ముట్టకూడదని! నాకు ఈ కుక్కల సంగతే మహా ముచ్చట. బొత్తిగా కొత్త భక్తిలో ఉన్న పెద్దింటి పిల్ల మనసు అందులో పట్టుబడింది. గ్రంథంలోని పేరు ఒక మనిషి కావాలంటే ఇలాంటి చిన్న విషయం ఒకటి చాలు.

తర్వాతి శతాబ్దాలను గబగబా దాటేద్దాం. ఐరోపాలో ఈ పని ఎక్కువగా నాటకకర్తలూ చిత్రకారులూ చేశారు. నవల వచ్చాక ప్రొటెస్టెంటు సంఘాలు దాన్ని చాలాకాలం గుమ్మం బయటే నిలబెట్టాయి. కల్పన అంటే అబద్ధమని, ఆడపిల్లల బుర్రలు పాడుచేస్తుందని వాదన. పవిత్ర గ్రంథంలోని మనుషులతో నవలా అంటే మరీ అపచారం.

ఆ గుమ్మం దాటించినవాడు కూడా చిత్రమైన మనిషే. జోసెఫ్ హోల్ట్ ఇంగ్రహాం 1840లలో సముద్రపు దొంగల కథలూ సాహసగాథలూ రాసిపారేసిన చవక నవలల రచయిత. అప్పటికి 80 నవలలు రాశానని, అందులో 20 ఒక్క ఏడాదిలోవేనని ఆయన చెప్పుకున్నట్టు కవి లాంగ్‌ఫెలో తన డైరీలో రాసుకున్నాడు. అలాంటివాడు ఎపిస్కోపల్ సంఘంలో పాదిరీ అయ్యాడు. 1855లో 'ద ప్రిన్స్ ఆఫ్ ద హౌస్ ఆఫ్ డేవిడ్' తెచ్చాడు. ఐగుప్తు నుంచి యెరూషలేముకు వచ్చిన అదీనా అనే యూదు యువతి, తన కళ్ళ ముందు జరుగుతున్న యేసు కథను తండ్రికి ఉత్తరాలుగా రాస్తుంది. అదీనా కల్పితం. కానీ సువార్తను ఒక ఆడపిల్ల కళ్ళతో చూపించవచ్చన్న ధైర్యం జనానికి నచ్చింది. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. నవలంటేనే ముఖం చిట్లించుకునే ఇళ్ళలోకీ వెళ్ళింది. 1880లో 'బెన్‌హర్' వచ్చేసరికి దారి సిద్ధంగా ఉంది.

20వ శతాబ్దం మధ్యలో ఫ్లోరిడా సర్జన్ ఫ్రాంక్ స్లాటర్ వరసపెట్టి రూతు, రాహాబు, మగ్దలేనే మరియ మీద నవలలు రాశాడు. 1972లో మార్జరీ హోమ్స్ మరియ, యోసేపులను ప్రేమించుకున్న పల్లెటూరి పిల్లలుగా 'టు ఫ్రమ్ గలిలీ'లో చూపించింది. 1979లో జానెట్ ఓక్ రాసిన 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' బైబిలు కథ కాదు, కెనడా రచయిత్రి రాసిన వలసజీవుల ప్రేమకథ. అయినా దాన్ని చెప్పుకోవాలి, ఎందుకంటే క్రైస్తవ పుస్తకాల షాపుల్లో ప్రేమ నవలకు గిరాకీ ఉందని ప్రచురణకర్తలకు తెలిసొచ్చింది దానితోనే. చదివేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. బూతు మాట ఉండకూడదు, పడకగది తలుపు మూసే ఉండాలి, వాక్యానికి విరుద్ధంగా ఏదీ రాయకూడదు. ఈ మూడు కట్టుబాట్ల మధ్య ఒక పరిశ్రమ లేచింది.

ఫ్రాన్సిన్ రివర్స్ అందులోకి అవతలి గట్టు నుంచి వచ్చింది. మామూలు బజారు రొమాన్సులు రాసి పేరు తెచ్చుకున్న ఆమె 1986లో విశ్వాసంలోకి వచ్చాక, పాత నవలలు మళ్ళీ అచ్చుకాకుండా హక్కులు తిరిగి కొనేసుకుంది. 1991లో 'రిడీమింగ్ లవ్' రాసింది. హోషేయ ప్రవక్త, అతని భార్య గోమెరుల కథను 1850ల నాటి కాలిఫోర్నియా బంగారు గనుల ఊళ్ళలోకి మార్చింది. 2022లో అది సినిమా కూడా అయింది. 2000, 2001లలో టిండేల్ సంస్థ ఆమెవే ఐదు చిన్న నవలలు తెచ్చింది. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలోని వంశావళిలో కనిపించే ఐదుగురు స్త్రీలు వాటి నాయికలు: తామారు, రాహాబు, రూతు, బత్షెబ, మరియ. ప్రతి పుస్తకం చివరా బైబిలు పాఠం, ప్రశ్నలు ఉంటాయి. నేను రాసింది నమ్మకండి, గ్రంథం తెరిచి మీరే సరిచూసుకోండి అని నవలే చెబుతుందన్నమాట. తెర్తుల్లియన్ చూస్తే కొంత శాంతించేవాడేమో.

నాకు పేచీ ఉన్నది బత్షెబ దగ్గర. సమూయేలు రెండవ గ్రంథం 11వ అధ్యాయం గుర్తుచేసుకోండి. సైన్యం అమ్మోనీయుల మీదికి వెళ్ళింది, దావీదు యెరూషలేములో ఉండిపోయాడు. సాయంత్రం మిద్దె మీద తిరుగుతూ స్నానం చేస్తున్న స్త్రీని చూశాడు. మనుషులను పంపాడు, తెప్పించుకున్నాడు. ఆ అధ్యాయమంతటిలో ఆమె నుంచి వచ్చింది గర్భవతినయ్యానన్న కబురొక్కటే. తర్వాత భర్త ఊరియా చావు, ఆమె ఏడుపు, రాజు ఇంటికి చేరడం. నాతాను ప్రవక్త వచ్చి చెప్పిన బీదవాడి గొర్రెపిల్ల కథలో నేరమంతా దావీదుదే. గొర్రెపిల్లను ఎవరూ తప్పుపట్టలేదు, అభిప్రాయమూ అడగలేదు.

నవలాకారులు ఈ మౌనాన్ని ఓర్చుకోలేరు. రివర్స్ 'అన్‌స్పోకెన్'లో బత్షెబకు చిన్ననాటి నుంచే దావీదు మీద మనసు. అంతకు 50 ఏళ్ళ ముందు, 1951లో హాలీవుడ్ 'డేవిడ్ అండ్ బాత్‌షీబా' తీసినప్పుడు సూసన్ హేవర్డ్ పాత్ర ఇంకో అడుగు వేసింది. రాజు ఏ వేళకు మిద్దె ఎక్కుతాడో తెలిసే స్నానం చేశానని ఒప్పుకుంటుంది. పిలుపు వస్తే కాదనే వీలులేని సైనికుడి భార్య అలా ప్రియురాలైపోయింది.

ఇది ఎవాంజెలికల్ రచయితల జబ్బు మాత్రమే అనుకుంటే పొరపాటు. అనిటా డయమంట్ యూదు రచయిత్రి, స్త్రీవాద దృష్టి ఉన్నావిడ. 1997లో వచ్చిన ఆమె నవల 'ద రెడ్ టెంట్' మొదట నత్తనడక నడిచింది. మిగిలిన ప్రతులు తుక్కు కిందికి పోవలసినవి, వాటిని రబ్బీలకు ఉచితంగా పంపితే నోటిమాటగా ప్రచారమై పుస్తకం లక్షల్లో అమ్ముడైంది. బయటున్న రోజుల్లో ఆడవాళ్ళందరూ చేరే గుడారం ఆ నవలకు గుండెకాయ. ముట్టు గుడిసెల్లో ఆడవాళ్ళను ఊరి బయట పెట్టే ఆచారం చూసినవాళ్ళకు ఆ గుడారం ఒక పండగలా ఉండటం కొంచెం వింతగా తోస్తుంది. అయినా ఆదికాండంలో యాకోబు భార్య రాహేలు తండ్రి విగ్రహాలను దాచి, వాటి మీద కూర్చుని, ముట్టులో ఉన్నాను లేవలేనని బొంకిన ఘట్టం నుంచి అంత లోకాన్ని కట్టడం గొప్ప ఊహే. కానీ యాకోబు కూతురు దీనా దగ్గరికి వచ్చేసరికి డయమంట్ చేసిందీ అదే. ఆదికాండం 34లో షెకెము దీనాను పట్టుకుని చెరిచాడు. నవలలో అది పరస్పర ప్రేమ.

మనసు తెలియని చోట ప్రేమను నింపడం నవలకు అలవాటు. అలా నింపితే ఆమెకు నోరు వచ్చినట్టు కనబడుతుంది. నిజానికి మగవాడి తప్పు సగం తేలికవుతుంది. తెలుగులో అహల్య గురించి ఇదే తగువు తరతరాలుగా ఉంది: వచ్చినవాడు ఇంద్రుడని ఆమెకు తెలుసా, తెలియదా? ఓల్గా 'విముక్త'లో అహల్య ఆ విచారణనే తోసిపుచ్చుతుంది. విచారణకు ఒప్పుకోవడమంటే విచారించే అధికారాన్ని ఒప్పుకోవడమేనని సీతకు చెబుతుంది. బత్షెబ నవలల్లో నేను చదివినంతలో ఎవరూ ఈ దారి తొక్కలేదు. అందరూ తీర్పు చెప్పడానికే కూర్చున్నారు.

యూదా కోడలు తామారు దగ్గర మాత్రం ఈ నవలలు బతికిపోయాయి. కారణం, అక్కడ పని చేసింది ఆమే. మామ తన మూడో కొడుకుకు కట్టబెడతానని మాట తప్పితే, ముసుగు వేసుకుని దారిలో కూర్చుని, అతని ముద్రా దారమూ కర్రా కుదువ పెట్టించుకుంది. కాల్చేయండన్న రోజున వాటిని పంపింది. తనకన్నా ఆమే న్యాయవంతురాలని మామ ఒప్పుకోక తప్పలేదు. టెస్సా అఫ్షార్ 2010లో రాసిన 'పర్ల్ ఇన్ ద శాండ్'కు కూడా ఈ బలం ఉంది. ఇరాన్‌లో పుట్టిన ఈమె రాహాబును కరవులో కన్నతండ్రే వేశ్యావృత్తికి అమ్మిన పిల్లగా చూపించింది. గూఢచారులను దాచడమూ, కిటికీకి ఎర్ర తాడు కట్టడమూ గ్రంథంలో రాహాబు చేసిన పనులే. ఆ పనులు చెప్పడానికి ఆమెకు లేనిపోని వలపు అంటగట్టే అవసరం రాలేదు.

దావీదు కూతురు తామారు కూడా ఉంది. అన్న అమ్నోను మీదపడితే ఆమె వాదించింది, బతిమాలింది, నా అవమానం నేనెక్కడ మోసుకుపోనని అడిగింది. అవన్నీ గ్రంథంలో ఉన్నాయి. అందుకే దీన్ని ప్రేమకథ చేసే సాహసం ఎవరికీ ఉండదు.

ఇక సౌలు రాజు కూతురు మీకాలు. హెబ్రీ గ్రంథంలోని కథల్లో ఒక స్త్రీ ఒక పురుషుణ్ణి ప్రేమించిందని విడిగా రాసింది ఈమె గురించే, ఆ పురుషుడు దావీదే. కిటికీలోంచి దింపి అతని ప్రాణం కాపాడింది. తండ్రి ఆమెను పల్తీయేలుకిచ్చి పెళ్ళి చేశాడు. ఏళ్ళ తర్వాత దావీదు అధికారం చేతికొచ్చాక వెనక్కి రప్పించుకున్నాడు. పల్తీయేలు ఏడుస్తూ బహూరీము దాకా ఆమె వెంట నడిచాడు, సేనాపతి అబ్నేరు కసిరితే తిరిగి వెళ్ళాడు. మీకాలు ఏడ్చిందో, ఊరట పడిందో లేదు. ఇంకొన్నాళ్ళకు మందసం ముందు నాట్యమాడుతున్న దావీదును చూసి ఆమె మనసులో హీనపరచింది. జిల్ ఐలీన్ స్మిత్ దావీదు భార్యల మీద మూడు నవలలు రాయబూని, 2009లో మొదలుపెట్టింది మీకాలుతోనే. అబీగయీలు, బత్షెబ తర్వాత వచ్చారు. ఆ వరుస నాకు సబబుగా తోచింది. ప్రేమ ఉందని గ్రంథమే చెప్పిన చోట, అది ద్వేషం దాకా ఎలా నడిచిందో రాయక తప్పదు కదా.