రేడియోకు పదిహేను రూపాయలు

"రేడియో వినడానికి ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టేవాళ్ళం" అంటే ఈ కాలపు అమ్మాయిలు నమ్మరు. నవ్వేస్తారు! కానీ కడప జిల్లా వేంపల్లె మొదలు ఢిల్లీ దాకా ఆ పద్ధతి యాభై ఏళ్ళు సాగింది.

1933లో చేసిన వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం 1934 జనవరి 1 నుంచి అమలైంది. లైసెన్సు లేకుండా రేడియో ఇంట్లో ఉంచుకోవడమే నేరం. వినక్కర్లేదు, ఉంటే చాలు! మొదటిసారి పట్టుబడితే 100 రూపాయల దాకా జరిమానా, మళ్ళీ దొరికితే 250 దాకా.

1963 జూన్ 17న కడపలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. అంతకుముందు మద్రాసు, విజయవాడల కోసం చెవులు రిక్కించిన సీమ ఇళ్ళలో సొంత జిల్లా నుంచే తెలుగు మాట వినిపించింది. ఇక రేడియో లేని ఇల్లు చిన్నబోయినట్టే! అయితే సెట్టు కొనగానే సరిపోదు. పోస్టాఫీసుకెళ్ళి లైసెన్సు పుస్తకం తీసుకోవాలి. ఏటా డబ్బు కట్టి, అందులో బిళ్ళ అంటించి, ముద్ర వేయించుకోవాలి. రేడియోకు 15 రూపాయలు, టీవీ వచ్చాక దానికి 50.

మగవారి బదిలీతో కొత్త ఊళ్ళో కాపురం పెట్టిన ఇల్లాలికి పాలవాడు, రేషన్ కార్డు, పిల్లల బడి, వీటన్నిటికీ తోడు ఈ పుస్తకంలో అడ్రసు మార్పించే పని ఒకటి. వానలు మొహం చాటేసి, శెనక్కాయల డబ్బు చేతికి రాని ఏడు 15 రూపాయలంటే మాటలా? పోపుల డబ్బాలోంచి తీసి ఇవ్వాల్సిందే.

1980ల మొదట్లో ఒకటి, రెండు బ్యాండ్ల చిన్న సెట్లకు లైసెన్సు అక్కర్లేదన్నారు. మూడు బ్యాండ్లుంటే మాత్రం కట్టాలి. అంటే తన సెట్టుకు ఎన్ని బ్యాండ్లున్నాయో ఇల్లాలికి తెలిసుండాలన్నమాట! తెలియనివాళ్ళు అక్కర్లేని డబ్బు కట్టొచ్చారంటే ఆశ్చర్యమేముంది? 1985లో రేడియోలకూ టీవీలకూ ఈ రుసుము మొత్తంగా ఎత్తేశారు.

కథ అంతటితో అయిపోలేదండోయ్! 1922లో ఈ లైసెన్సు మొదలుపెట్టిన బ్రిటన్‌లో రేడియోకు 1971లో తీసేశారు గాని, టీవీకి ఉంచారు. మన పిల్లలు అక్కడ అద్దె ఇంట్లో దిగీ దిగగానే, పేరు కూడా లేకుండా "ఇంట్లో ఉంటున్నవారికి" అని ఒక ఉత్తరం వస్తుంది. లైసెన్సు లేదు, తనిఖీకి రావచ్చు అని అందులో గద్దింపు. కొత్త కోడలికి గుండె ఝల్లుమంటుంది.

భయం దేనికి? బీబీసీ ఐప్లేయర్ చూడకుండా, ప్రత్యక్ష ప్రసారాలేవీ చూడకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. ఆ మాట వాళ్ళకు తెలియజేస్తే చాలు. తనిఖీకి వచ్చినవాళ్ళు కోర్టు వారెంటు లేకుండా, మనం రమ్మనకుండా లోపలికి రాకూడదు. కానీ హైదరాబాదు తెలుగు ఛానల్‌ను ఫోనులో ప్రత్యక్షంగా చూసినా లైసెన్సు కావాల్సిందే, మరవకండి! 75 ఏళ్ళు దాటిన అందరికీ ఉచితంగా ఇచ్చిన లైసెన్సు, 2020 ఆగస్టు నుంచి పెన్షన్ క్రెడిట్ అందే ఇళ్ళకే పరిమితమైంది. అదైనా అడిగినవారికే.

నాటి వేంపల్లెలోనైనా, నేటి లండన్‌లోనైనా మినహాయింపు దానంతటది తలుపు తట్టదు. గద్దింపు ఉత్తరమే తడుతుంది. దాన్ని భయపడి దాచకుండా, కంగారుపడి కట్టేయకుండా, ఒకటికి రెండుసార్లు చదివిన ఇల్లాలే ఆ ఇంటి డబ్బును కాపాడుతుంది.