గురి కన్నా ముందు మందు

తెలంగాణ పల్లెల్లో భర్మార్ అనే మాట వినే ఉంటారు. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. గొట్టం మూతిలోంచి కంటికి తోచినంత మందు పోసి, గుడ్డపేలిక కుక్కి, సీసపు గుళ్ళు వేసి, కడ్డీతో దట్టించే నాటు తుపాకి అన్నమాట. మా మహమ్మద్ నగర్ (బాన్సువాడ దగ్గర) వైపు కూడా తుపాకి అంటే ముందు గుర్తొచ్చేది ఇదే.

ఇప్పుడు వెయ్యి గజాల పోటీల్లో షూటర్లు చేసేదీ ఒకరకంగా అదే పని. పేల్చేసిన ఇత్తడి తొడుగుని మళ్ళీ కొలతకి తెచ్చి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు మిల్లీగ్రాముల్లో తూచి, బుల్లెట్‌ని ప్రతిసారీ ఒకే లోతులో కూర్చోబెడతారు. దీన్నే హ్యాండ్‌లోడింగ్ అంటారు. తేడా అంతా కొలతలోనే ఉంది. బుల్లెట్ వేగం ఒక్క శాతం మారినా వెయ్యి గజాల దగ్గర దాదాపు జానెడు పైకో కిందికో పోతుంది. చెయ్యి ఎంత కుదురుగా ఉన్నా లాభం లేదు. మన భాషలో చెప్పాలంటే ఒకే ఇన్‌పుట్‌కి ఒకే అవుట్‌పుట్ రావాలి, అంతే.

ఈ లెక్కకి పునాది వేసినవాడు బెంజమిన్ రాబిన్స్. 1742లో అచ్చయిన తన పుస్తకంలో, వేలాడే చెక్కదిమ్మలోకి తూటా పేల్చి, దిమ్మ ఎంత ఊగిందో చూసి వేగం లెక్కకట్టడం ఎలాగో చూపించాడు. గాలి అడ్డు పెద్ద లెక్కలోది కాదనుకునే రోజుల్లో, అది తూటా బరువుకి 120 రెట్ల దాకా ఉంటుందని తేల్చాడు. ఆ పుస్తకాన్ని 1745లో జర్మన్‌లోకి మార్చింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆయిలర్! ఇంకో సంగతి. ఈ రాబిన్స్ ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా 1750లో మన కోరమండల్ తీరానికే వచ్చాడు. మద్రాసు కోటకి ప్లాన్లు గీస్తూ, 1751 జూలైలో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో పోయాడు. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు చదివినా ఈయన పేరు నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత కథ ఇంగ్లండ్‌ది, అమెరికాది. 1860లో వింబుల్డన్ పోటీలకి విక్టోరియా రాణి మొదటి తూటా పేల్చింది. విట్‌వర్త్ రైఫిల్‌ని స్టాండుకి బిగించి ఉంచారు, ఆవిడ చేసిందల్లా పట్టుతాడు లాగడమే. 400 గజాల దూరంలో నడిమధ్యకి అంగుళంపావులో తగిలింది. 1874లో క్రీడ్‌మూర్‌లో అమెరికన్లు 934-931తో ఐరిష్ వాళ్ళని ఓడించారు. ఐరిష్ షూటరొకడు పక్కవాడి టార్గెట్‌ని కొట్టాడు లెండి, లేకపోతే ఏమయ్యేదో!

సరిగ్గా నాలుగేళ్ళకి, 1878లో, ఇక్కడ లిట్టన్ ఆయుధాల చట్టం వచ్చింది. మనవాళ్ళకి లైసెన్సు కావాలి, యూరోపియన్లకి మినహాయింపు. అక్కడ వీకెండ్ సరదాగా పెరుగుతున్న విద్య ఇక్కడ లైసెన్సు లేకపోతే నేరం. అల్లూరి 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తీసుకెళ్ళింది 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. తుపాకి చేతికొస్తే సరిపోదు, ఆ తూటాలు అయిపోతే మళ్ళీ ఇంకో స్టేషన్ మీద పడాలి. స్వాతంత్ర్యం వచ్చాక చేసిన 1959 చట్టం ప్రకారం కూడా లైసెన్సు లేకుండా తూటాల తయారీ నేరమే. (ఉండాల్సిందే అంటాను. వీధికో మందు కార్ఖానా ఎవరికి కావాలి?)

కానీ నా అనుమానం ఒకటుంది. మనవాళ్ళు మెరిసినవి చాలావరకు తూటా కొనుక్కునే ఆటలే. ఒలింపిక్స్‌లో ఉన్నవీ అవే అనుకోండి, 300 మీటర్ల రైఫిల్‌ని 1972 తర్వాత తీసేశారు. అయినా వెయ్యి గజాల పోటీల్లో మన పేర్లు అరుదు. ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని పదేళ్ళపాటు మార్చి మార్చి చూసుకునే అలవాటు లేనిచోట ఆ ఆట ఎలా పెరుగుతుంది?

మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1తో కాంస్యం తెచ్చాడు. వెండి 701.5కి పోయింది. 0.4 పాయింటు అంటే టార్గెట్ మీద ఒక్క మిల్లీమీటరు! ఎయిర్ రైఫిల్‌లో మందే లేదు, .22 తూటాని ఇంట్లో మళ్ళీ నింపుకునే పద్ధతి లేదు. మరి ఆ మిల్లీమీటరు కోసం ఏం చేస్తారు? రైఫిల్‌ని స్టాండుకి బిగించి, రకరకాల లాట్లు పేల్చి చూసి, దగ్గరదగ్గరగా పడ్డ లాట్‌ని పెట్టెలకి పెట్టెలు కొనేసుకుంటారు. అది అయిపోయాక మళ్ళీ రైఫిల్ బిగించి మొదట్నుంచీ వెతుక్కోవాలి.