నలుపు తెలుపుల్లో మక్కా ముఖాలు

మారిషస్‌లో గానీ, దక్షిణాఫ్రికాలో గానీ, ఫిజీలో గానీ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల ఇళ్ళలో గోడమీద తాతముత్తాతల నలుపు తెలుపు పటం కనబడుతూనే ఉంటుంది. బొమ్మలు వేయడం నేర్చుకునే మన పిల్లలు బొగ్గుతోనో, ఇండియన్ ఇంకుతోనో ఆ పటాలనే చూసి వేయాలని సరదాపడుతుంటారు. అది సంతోషించదగిన విషయమే. అటువంటి వారికి పనికివచ్చే గొప్ప పాఠం ఒకటి మనం ఊహించని చోట, మక్కా నగర చరిత్రలో ఉంది. దానిని పాఠకుల ముందుంచడమే మా ఉద్దేశం.

మక్కా మనకు బొత్తిగా సంబంధంలేని ఊరు కాదు. హైదరాబాదు సంస్థానం నుంచి హజ్ యాత్రకు వెళ్ళేవారు బస చేయడానికి నిజాం ప్రభువుల పేరిట అక్కడ ‘రుబాత్’ అనే వసతిగృహాలు వెలిశాయి. ముస్లిములు కానివారికి ఆ పట్టణంలో ప్రవేశం లేదు. అందుచేత అక్కడి దృశ్యాలు బయటి ప్రపంచానికి చాలాకాలం తెలియలేదు. మొట్టమొదట 1880–81 ప్రాంతంలో ఈజిప్టు సైన్యానికి చెందిన ఇంజనీరు ముహమ్మద్ సాదిక్ బే అక్కడ కెమెరా నిలిపాడు.

తరువాత వచ్చినవాడు హాలెండు దేశపు పండితుడు క్రిస్టియాన్ స్నూక్ హుర్‌గ్రోన్యె. 1884లో జిద్దా రేవులో దిగి, ఇస్లాం స్వీకరించి, 1885 ఫిబ్రవరిలో మక్కా చేరాడు. అక్కడ సయ్యద్ అబ్దుల్ గఫార్ అనే వైద్యునితో స్నేహం కుదిరింది. ఆ వైద్యునికి స్నూక్ ఫోటోలు తీసే విద్య నేర్పాడు. ఆగస్టు నెలలో తుర్కీ ప్రభుత్వం స్నూక్‌ను వెళ్ళగొట్టింది. ఆ ఏటి హజ్ యాత్రను కూడా అతడు చూడలేకపోయాడు. గురువు వెళ్ళిపోయినా శిష్యుడు విద్యను విడువలేదు. ఫోటోలు తీస్తూ జిద్దాలోని డచ్చి కాన్సులేటు ద్వారా లైడెన్ నగరానికి పంపుతూ వచ్చాడు.

స్నూక్ 1888లో, 1889లో ప్రకటించిన చిత్రసంపుటాలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. జావా, సుమత్రా, బొఖారా, జాంజిబార్ వంటి దూరదేశాల యాత్రికులు ఎవరి వేషధారణలో వారు కెమెరా ఎదుట నిలిచారు. ఒకరిది పెద్ద తలపాగా, ఒకరిది గళ్ళ లుంగీ, ఇంకొకరిది పాదాలదాకా జారే అంగీ. ఇహ్రాం ధరించినప్పుడు పురుషులందరూ కుట్టని రెండు తెల్లని వస్త్రాలతోనే ఉండాలి. అక్కడ రాజు, పేద తేడా లేదు. మన పెద్దల పంచె, ఉత్తరీయం గుర్తుకు రాకమానవు. తమ దుస్తుల్లోకి మారగానే ఎవరి దేశం వారి ఒంటిమీద మళ్ళీ కనబడుతుంది. రంగు లేకపోయినా మడత, అంచు, కుట్టు, నగ, తలకట్టు మనిషి ఊరిని చెబుతాయి.

బొమ్మ నేర్చుకునేవారు గమనించవలసింది ఇక్కడే ఉంది. ముందుగా తెల్లబట్టను వేయడం సాధన చేయాలి. తెల్లబట్టలో నిజానికి తెలుపు కొంచెమే, తక్కినదంతా బూడిదరంగులో రకరకాల ఛాయలు. నూలుబట్ట మీద వెలుగు మెల్లగా నీడలోకి జారుతుంది. పట్టు మీద వెలుగూ నీడా పక్కపక్కనే గీత గీసినట్టు నిలుస్తాయి. జరీ అంచును పోగుపోగునా గీయనక్కరలేదు. వెలుగు తగిలినచోట స్పష్టంగా వేసి, మడతలోకి పోయినచోట వదిలేస్తే చూసేవారి కన్నే పూర్తిచేసుకుంటుంది. ముఖానికి మాత్రం మెత్తని ఛాయలు ఉంచుకోవాలి. లేకపోతే బట్టలు మనిషిని మింగేస్తాయి.

మరొక మాట. ఆనాటి ఫోటో పలకలకు నీలికాంతి బాగా అందేది, ఎరుపు దాదాపుగా అందేది కాదు. అందుచేత ఎర్రచీర నల్లగానూ, లేతనీలం చీర తెల్లగానూ పడేవి. అవ్వ పటంలో నల్లగా కనబడే చీర బహుశా పెళ్ళినాటి ఎర్రచీరే కావచ్చు. తెల్లచీర అనుకున్నది నీలిది కావచ్చు. ఫోటో చూసి రంగు తేల్చడం కన్నా ఇంట్లో పెద్దవారిని అడగడం మేలు.

ఇక మక్కా వైద్యుని సంగతి. ఆయన తన ఫోటోలమీద అరబ్బీ లిపిలో అందంగా పేరు వ్రాసుకున్నాడు. పుస్తకంలో అచ్చయ్యేసరికి ఆ పేరు చెరిగిపోయింది. తాను విద్య నేర్పిన ఒక మక్కా వైద్యుడని మాత్రం స్నూక్ ప్రస్తావించాడు, పేరు చెప్పలేదు. లైడెన్‌లో భద్రపరచిన అసలు ప్రతులమీది అక్షరాలను చూసి తరువాతి పరిశోధకులు ఆయనకు దక్కవలసిన కీర్తిని దక్కించారు. ఫోటోలలోని యాత్రికుల సంగతి ఇంకా విచారకరం. ఫలానా దేశపువారు అన్నమాటే గానీ, వారి పేర్లు లేవు.

అదే కాలంలో సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీనదయాళ్ పేరు నేటికీ నిలిచింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో జరీ అంగరఖాలు, ముత్యాల హారాలు తళతళలాడేలా ఆయన ఫోటోలు తీశాడు. స్త్రీల కోసం 1892లో జనానా స్టూడియో కూడా తెరిచాడు. ఆయన పేరు బొమ్మతోనే ఉంది గనుక మనకు అందింది.

మన పూర్వీకుల సంగతి చూద్దాం. మారిషస్‌లో 1867 నాటి చట్టం ప్రకారం వలస కూలీలు తమ ఫోటో అంటించిన టిక్కెట్టు దగ్గర ఉంచుకోవలసి వచ్చింది. కోరంగి రేవు పేరుమీద ‘కోరంగి’ అనిపించుకున్న మనవారు కూడా అలా కెమెరా ముందు నిలబడ్డారు. ఆ కాలపు వలస రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. వలస రికార్డుల్లో మన పేర్లు దొరల చెవికి వినబడినట్టు వ్రాయబడ్డాయి. అయినా పేరూ నంబరూ ఉండబట్టే మనుమలు తాతలను వెదుక్కోగలుగుతున్నారు.

కాబట్టి మన యువతీయువకులకు మా మనవి ఒక్కటే. ఇంట్లో ఉన్న పాతపటాన్ని కిందికి దించి, వెనుకవైపు మెత్తని పెన్సిలుతో ఆ మనిషి పేరు, ఊరు, వరుస వ్రాయండి. సిరా అయితే ముందువైపుకు ఊరే ప్రమాదం ఉంది. ఆ తరువాతే బొమ్మ మొదలుపెట్టండి. బొమ్మ పూర్తయ్యాక ఒక మూల మీ పేరూ, సంవత్సరమూ వేయండి. అవ్వ కట్టిన చీర ఏ ఊరిదో, ఏ రంగుదో చెప్పగల పెద్దలు మన ఇళ్ళలో ఇంకా కొందరున్నారు. వారు ఉండగానే అడిగి తెలుసుకోవాలి.