స్టోరేజ్ సర్వర్‌కు కార్డు కొనేముందు: స్లాట్‌లో పట్టడం వేరు, పనిచేయడం వేరు

తాతల నాటి ఫోటోల స్కాన్లు, వీడియో క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న పెళ్లిళ్లు, నాటకాలు, తెలుగు సంఘాల పాత మినిట్స్ పుస్తకాలు... ఇవన్నీ ఒకచోట భద్రపరచాలంటే ఒకటి రెండు హార్డ్‌డిస్కులు చాలవు. మూలన పడి ఉన్న డెస్క్‌టాప్‌నే స్టోరేజ్ సర్వర్‌గా మార్చుకోవచ్చు. కానీ సాధారణ మదర్‌బోర్డు మీద సాటా పోర్టులు నాలుగో, ఆరో ఉంటాయి. అంతకు మించి డిస్కులు పెట్టాలంటే అదనపు కార్డు కావాలి. బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, ముంబయి లామింగ్టన్ రోడ్డులోనో పాత కార్డు కొన్నాక వెనక్కి ఇవ్వడం అంత తేలిక కాదు. చూసుకోవాల్సిందంతా కొనకముందే చూసుకోవాలి.

ఇలాంటి సర్వర్లలో ఎక్కువగా వాడే పాత కార్డు ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ. ఎల్‌ఎస్‌ఐని 2014లో అవాగో కొనేసింది, తర్వాత అదే బ్రాడ్‌కామ్ అయింది. అందుకే ఒకే రకం కార్డు మీద వేర్వేరు పేర్లు కనిపిస్తాయి. ఐబీఎం ఎం1015, డెల్ హెచ్310 కార్డుల్లోనూ ఇదే ఎస్‌ఏఎస్2008 చిప్ ఉంటుంది. దీనికి ఎనిమిది డిస్కులు కలపవచ్చు. అంతకంటే పాత 1068ఈ చిప్ ఉన్న కార్డు ఎంత చవకగా ఇస్తామన్నా తీసుకోవద్దు. 2 టీబీ దాటిన డిస్కును అది పూర్తిగా గుర్తించలేదు.

ఇక స్లాట్ సంగతి. 9211-8ఐ ఎనిమిది లేన్ల కార్డు. గ్రాఫిక్స్ కార్డు పెట్టే పొడవాటి స్లాట్‌లో పడుతుంది. చాలా బోర్డుల మీద అలాంటి పొడవాటి స్లాట్లు రెండు ఉంటాయి, చూడటానికి రెండూ ఒకటే. రెండోదానికి లోపల నాలుగు లేన్లే కలిపి ఉండవచ్చు, కొన్నిటికి ఒక్కటే. ఈ కార్డు పీసీఐఈ 2.0 కాలంది. లేన్‌కు సెకనుకు సుమారు 500 ఎంబీ. స్లాట్ అంతకంటే కొత్తదైనా కార్డు వేగం మారదు. ఎనిమిది డిస్కులు ఒక్కోటి 200 ఎంబీ చొప్పున చదివితే 1,600 ఎంబీ. నాలుగు లేన్లు చాలు. ఒకే లేన్ దొరికితే ఎనిమిది డిస్కులూ ఆ 500 ఎంబీనే పంచుకోవాలి. రోజువారీ వాడకంలో తేడా తెలియదు. ఒక డిస్కు పాడై కొత్తది పెట్టి డేటాను మళ్లీ నింపేటప్పుడు తెలుస్తుంది. పని గంటల బదులు రోజులు పట్టవచ్చు. ఆ లోపు ఇంకో డిస్కు పోతే మొత్తానికే ముప్పు.

బోర్డు మాన్యువల్ తయారీ సంస్థ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. స్లాట్ల పట్టిక కింద సన్నటి అక్షరాల్లో ఉండే గమనికలే అసలు విషయం. ఎం.2 స్లాట్‌లో ఎస్‌ఎస్‌డీ పెడితే రెండు సాటా పోర్టులు ఆగిపోతాయనో, రెండో స్లాట్ పనిచేయదనో అక్కడే రాసి ఉంటుంది. ప్రాసెసర్ కూడా చూడండి. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు. తెర కోసం గ్రాఫిక్స్ కార్డు పెట్టాల్సి వస్తే మంచి స్లాట్ కాస్తా అదే ఆక్రమిస్తుంది.

కార్డులోని ఫర్మ్‌వేర్‌ను అన్నిటికంటే జాగ్రత్తగా అడగాలి. రెయిడ్ ఫర్మ్‌వేర్ ఉంటే కార్డు డిస్కులను తన పద్ధతిలో కలిపేస్తుంది. రేపు కార్డు పోతే, అదే కుటుంబానికి చెందిన మరో కార్డు కోసం వెతుక్కోవాల్సి రావచ్చు. ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ డిస్కులను ఉన్నవి ఉన్నట్టు కంప్యూటర్‌కు చూపిస్తుంది. ట్రూనాస్ లాంటి వ్యవస్థలకు కావాల్సింది ఇదే. కార్డు పోయినా డిస్కులను వేరే కంప్యూటర్‌కు తగిలించి చదువుకోవచ్చు. ఈ చిప్‌కు వాడాల్సిన వెర్షన్ 20.00.07.00. దుకాణదారు "ఐటీ మోడే సార్" అంటే సరిపోదు, తెర మీద చూపించమనండి.

కేబుల్ దగ్గర చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఈ కార్డుకు ఎస్‌ఎఫ్‌ఎఫ్-8087 నుంచి నాలుగు సాటాలుగా విడిపోయే 'ఫార్వర్డ్' కేబుల్ కావాలి. 'రివర్స్' కేబుల్ అచ్చం అలాగే ఉంటుంది, కానీ దాంతో డిస్కులు కనిపించవు. కొత్త 9300-8ఐకి కనెక్టరే వేరు, ఎస్‌ఎఫ్‌ఎఫ్-8643. సర్వర్ల నుంచి తీసిన కార్డులకు పొట్టి బ్రాకెట్ ఉంటుంది, మామూలు క్యాబినెట్‌కు పొడవు బ్రాకెట్ అడిగి తీసుకోండి.

ఈ కార్డులు సర్వర్లలోని జోరు గాలికి తగ్గట్టు తయారైనవి. ఇంటి క్యాబినెట్‌లో ఆ గాలి ఉండదు. హీట్‌సింక్ మీదికి చిన్న ఫ్యాన్ తిప్పకపోతే పెద్ద కాపీల మధ్యలో డిస్కులు మాయమవుతుంటాయి. మన ఎండల్లో మరీను.

కార్డు పెట్టగానే కంప్యూటర్ అసలు లేవకపోతే వెంటనే పాడైందనుకోవద్దు. ఎం1015, హెచ్310 లాంటి కార్డులు కొన్ని డెస్క్‌టాప్ బోర్డులతో ఇలా పేచీ పెడతాయి. కార్డు అంచున బీ5, బీ6 పిన్నుల మీద సన్నని టేపు ముక్క అంటిస్తే చాలాసార్లు లేస్తుంది. ఆ రెండు పిన్నులకూ డేటా మార్పిడితో సంబంధం లేదు.

రెండు మూడు డిస్కులే అదనంగా కావాలంటే ఇంత హంగామా అక్కర్లేదు. ఏఎస్‌ఎం1166 చిప్ ఉన్న ఆరు పోర్టుల సాటా కార్డు చాలు. అదే చిన్న కార్డు మీద పది, ఇరవై పోర్టులు కనిపిస్తే మాత్రం ఒక దారిని పదిమందికి పంచే చిప్పులు ఉన్నాయన్నమాట. ఉన్న ఒక్క ప్రతిని అలాంటిదాని మీద పెట్టకండి.

అంతా బిగించాక లైనక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశాన్ని పూర్తి వివరాలతో నడిపితే కార్డుకు నిజంగా ఎన్ని లేన్లు దొరికాయో కనిపిస్తుంది. ఒక రాత్రంతా అన్ని డిస్కులనూ ఒకేసారి చదివించి, పొద్దున లాగ్‌లో లోపాలేవీ లేవని చూశాకే ఇంటి ఫైళ్లు ఎక్కించండి. ప్రతి డిస్కు సీరియల్ నంబరును ట్రే మీద రాసి పెట్టుకోండి. ఒకటి పోయిన రోజున బాగున్నదాన్ని పీకేయకుండా ఉంటారు. క్యాసెట్లు, అసలు పుస్తకాలు మాత్రం అప్పుడే పారేయకండి.