సిద్ధాంత వ్యాసాల్లో ఆధారం చెప్పే తీరు

ఇతరుల గ్రంథం నుంచి తీసుకున్న మాటకు ఆధారం చూపకపోతే అది గ్రంథచౌర్యమని విశ్వవిద్యాలయాలు అంటాయి. అందుకు ఆక్షేపణ లేదు. కాని ఆధారం చూపడమంటే పేరు, సంవత్సరం, పుట సంఖ్య వేయడమేననీ, అన్ని దేశాల్లో అన్ని కాలాల్లో ఇదే పద్ధతి ఉన్నదనీ అనుకోవడం చరిత్రకు విరుద్ధం. గ్రంథాలు జనం మధ్య ఎలా బ్రతుకుతాయో దాన్నిబట్టి ఆధారం చెప్పే పద్ధతి పుడుతుంది. భిన్న భాషల నుంచి పరిశోధనకు వచ్చే విద్యార్థుల తప్పొప్పులు విచారించే ముందు ఈ సంగతి గ్రహించాలి.

మల్లినాథ సూరినే తీసుకుందాం. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరని ప్రసిద్ధి. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య వ్రాస్తూ, మూలం లేనిదేదీ వ్రాయనని ఆయన ప్రతిజ్ఞ చేశాడు. ఏ ఆధునిక పరిశోధకుడి ప్రతిజ్ఞకూ అది తీసిపోదు. అయితే ఆయన ఆధారం చూపే తీరు ఎలాంటిది? నిఘంటువులోని మాట ఉదాహరించి, ఇది అమరుడిది, ఇది విశ్వకోశంలోనిది అంటాడు, అంతటితో సరి. ఏ కాండమో, ఎన్నో శ్లోకమో చెప్పడు. చెప్పవలసిన అవసరమేముంది? అమరం వల్లించి చదువు మొదలుపెట్టినవారే ఆయన పాఠకులు. పైగా ఒక తాటాకు ప్రతిలోని పుట మరొక ప్రతిలోని పుటతో కలవదు.

అరబ్బీ విద్యలో మరొక దారి ఏర్పడింది. 9వ శతాబ్దంలో బుఖారీ సంకలనం చేసిన హదీసుల్లో, మాటకు ముందు ఎవరు ఎవరివద్ద విన్నారో ఆ వరుస ఉంటుంది. దాన్ని ఇస్నాద్ అంటారు. అక్కడ విశ్వాసానికి పునాది చెప్పిన మనిషి శీలమూ, జ్ఞాపకశక్తీ.

పుట సంఖ్యకు ప్రాముఖ్యం అచ్చుయంత్రంతో వచ్చింది. ఒక కూర్పులోని ప్రతులన్నిటా 50వ పుట ఒక్కటే కనుక, దూరాన ఉన్న పాఠకుడికి అది చిరునామాగా పనికివచ్చింది. ఐరోపాలో కూడా ఈ ఆచారం ఒక్కనాడు స్థిరపడలేదు. గిబ్బన్ వ్రాసిన రోమన్ సామ్రాజ్య క్షీణ చరిత్ర మొదటి సంపుటం 1776లో వెలువడినప్పుడు జ్ఞాపికలు గ్రంథాంతంలో ఉండేవి. వాటిని పుట అడుగున వేయాలని హ్యూమ్ కోరాడు. తరువాతి కూర్పుల్లో అవి అక్కడికి చేరాయి.

ఈ అధోజ్ఞాపికలో ఒక ప్రజాస్వామిక గుణం ఉంది. అమరం వల్లించే అవకాశం మన సమాజంలో ఎన్ని కులాలకు దక్కింది? గురుముఖతః నేర్చే భాగ్యం లేని పాఠకుడికి కూడా, పోయి చూసుకో, నేను అబద్ధమాడితే పట్టుకో అని అధోజ్ఞాపిక హక్కు ఇస్తుంది. దాన్ని బోధించవలసిన కారణం ఇదే. మన విద్యార్థులకు మాత్రం కామా ఎక్కడ, కుండలీకరణం ఎక్కడ అన్నదే చెబుతున్నాం. కారణం చెప్పడం లేదు.

ఫలితం ఏమిటి? ఇంగ్లీషు మాతృభాష కాని 17 మంది స్నాతకోత్తర విద్యార్థులు బ్రిటిష్ విశ్వవిద్యాలయాల్లో వ్రాసిన సిద్ధాంత వ్యాసాలను డయాన్ పెకోరారి మూలగ్రంథాలతో పోల్చి 2003లో ఒక వ్యాసం ప్రకటించారు. మూలంలోని వాక్యాలను కొద్దిగా మార్చి అతికించిన భాగాలు వాటిలో విస్తారంగా కనిపించాయి. మోసగించాలనే ఉద్దేశం మాత్రం కనిపించలేదు. పరాయి భాషలో స్వంత వాక్యం నిలబెట్టలేనివాడు గ్రంథకర్త వాక్యాన్ని ఊతకర్రగా పట్టుకుంటాడు.

మన దేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో నిబంధనలు చేసింది. పోలిక 10 శాతం దాటితే శిక్ష మొదలు. 60 శాతం దాటితే పరిశోధక విద్యార్థి పేరు కొట్టివేస్తారు. నిబంధన ఉండవలసిందే. కాని పదాల పోలికను లెక్కించే పద్ధతికి, ఇంగ్లీషు పుటను తెలుగు చేసి పేరు చెప్పక మింగినవాడు దొరకడం కష్టం. ఇంగ్లీషు రాక తడబడిన పల్లెటూరి విద్యార్థి సులభంగా దొరుకుతాడు. ఇది న్యాయమా?

జానపద వాఙ్మయం దగ్గర మరో చిక్కు ఉంది. బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధించి ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందిన నాటినుంచి ఈ రంగంలో కృషి పెరిగింది. నాట్లు వేస్తూ పాడే స్త్రీ పాటకు పుట సంఖ్య ఎక్కడిది? ఆమె పేరు, ఊరు, ఆమె ఎవరివద్ద నేర్చిందో ఆ వరుస, ఇవే అక్కడ ఆధారాలు. ఇస్నాద్ పద్ధతి ఇక్కడ అధోజ్ఞాపిక కంటే బాగా పనిచేస్తుంది. అచ్చయిన పుస్తకానికి పుట సంఖ్య వేసి, పాట ఇచ్చిన కూలిమనిషి పేరు విడిచిన సిద్ధాంత వ్యాసం ఏ లెక్కలోనూ నూటికి పది దాటదు. అయినా అందులో అపహరణ ఉంది.

కనుక స్నాతకోత్తర తరగతుల్లో మల్లినాథుడి ప్రతిజ్ఞ, ఇస్నాద్, గిబ్బన్ జ్ఞాపికలు పక్కపక్కన పెట్టి పాఠం చెప్పాలి. ఏ పద్ధతి ఏ పాఠకుడి కోసం పుట్టిందో తెలిసిన విద్యార్థి, తన పాఠకుడికి ఏమి చూపాలో తానే తేల్చుకోగలడు. ఆ పాఠం చెప్పిన తరువాతనే శిక్షించే అధికారం మనకు వస్తుంది.