‘బిసీచ్’: ఆజ్ఞాపించగలవాడు బతిమాలినప్పుడు

హైదరాబాదులో మలయాళీ సహోదరులతో కలిసి వాక్యధ్యానం చేసే ఒక యౌవనస్థుడు మొన్న నన్ను ఇలా అడిగాడు: “అయ్యగారూ, రోమా 12:1లో పౌలు ‘బతిమాలుకొనుచున్నాను’ అంటున్నాడు. పాత ఇంగ్లీషు బైబిలులో అక్కడ ‘బిసీచ్’ అని ఉంది. మా మలయాళీ అన్న తన బైబిలు తెరిచి, ఇక్కడున్న మాట ‘ప్రబోధిప్పిక్కుక’, ఇది బతిమాలడం కాదు, హెచ్చరించి చెప్పడం అన్నాడు. ఎవరిది సరైనది?”

ముగ్గురిదీ సరైనదే. ఎలాగో చూద్దాం.

ఇంగ్లీషులో

‘బిసీచ్’ అంటే మనసారా, ఆతురతతో వేడుకోవడం. ‘వెదకు’ అని అర్థమిచ్చే ‘సీక్’ అనే క్రియకు ముందు ‘బి’ చేరి, ఆ వెదకడాన్ని తీవ్రం చేసింది. ఒకరి దయను పట్టుదలతో వెదకడమే బిసీచ్ అనుకోవచ్చు. దీని భూతకాల రూపం పాత పుస్తకాలలో ‘బిసాట్’. నేడు ‘బిసీచ్డ్’ అని కూడా రాస్తారు. వాడుకలో ఒక సంగతి గమనించాలి. ‘అప్పీల్’ అనే క్రియకు తరువాత ‘టు’ కావాలి, ‘బిసీచ్’కు అక్కరలేదు. మనం ‘ఆయనకు మనవి చేశాను’ అని ఒకచోట, ‘ఆయనను బతిమాలాను’ అని మరొకచోట అన్నట్టే ఇదీ.

దీని తోటి మాటలకు ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఛాయ ఉంది. ‘ఇంప్లోర్’ లాటిను మూలంలో ఏడ్పు ఉంది. అది కన్నీటితో అడగడం. ‘ప్లీడ్’ న్యాయస్థానపు వాసన గలది. కారణాలు చూపి వాదిస్తూ అడగడం. ‘రిక్వెస్ట్’ మర్యాదగా అడగడం మాత్రమే. నేటి మాటల్లో ‘బిసీచ్’ అరుదు. అందుకే కొత్త ఇంగ్లీషు అనువాదాలు రోమా 12:1లో ‘అర్జ్’ అని గానీ ‘అప్పీల్’ అని గానీ మార్చుకున్నాయి.

మలయాళంలో

‘బిసీచ్’కు మలయాళంలో సాధారణంగా చెప్పే మాట ‘అపేక్షిక్కుక’. ఇక్కడ తెలుగువారు జాగ్రత్తపడాలి. మనకు అపేక్ష అంటే కోరిక. ‘ధనాపేక్ష’ అనే మాట మన సంఘాలలో తెలియనివారుండరు. మలయాళీలకు ‘అపేక్ష’ అంటే విన్నపం. ఉద్యోగానికి పెట్టుకునే దరఖాస్తు కూడా ‘అపేక్ష’యే. కనుక ఒక మలయాళీ సహోదరుడు ‘నాకొక అపేక్ష ఉంది’ అన్నట్టు వినిపిస్తే, ఆయన ఆశ గురించి చెబుతున్నాడని అనుకోకండి, మనవి చేస్తున్నాడు.

మర్యాదగా కోరడానికి ‘అభ్యర్థిక్కుక’, మనం కాళ్లావేళ్లా పడడం అనేదానికి దగ్గరగా ‘కెంచుక’, భిక్షమడగడానికి ‘ఇరక్కుక’ వాడతారు. వ్యాకరణంలోనూ తేడా ఉంది. మనం ‘నిన్ను వేడుకుంటున్నాను’ అంటాం; వారు ‘నిన్నోడు అపేక్షిక్కున్ను’ అంటారు, అంటే ‘నీతో వేడుకుంటున్నాను’ అన్నట్టు.

ఒకే మాట, మూడు ముఖాలు

రోమా 12:1లో గ్రీకు క్రియ ‘పరకలెయో’. ‘పర’ అంటే పక్కన, ‘కలెయో’ అంటే పిలుచుట. పక్కకు పిలిచి మాట్లాడడం దీని మూలం. పక్కకు పిలిచినవాడు సందర్భాన్ని బట్టి బతిమాలవచ్చు, హెచ్చరించవచ్చు, ఓదార్చవచ్చు. తెలుగు అనువాదకులు మొదటి ముఖాన్ని చూశారు. 1910 నాటి మలయాళ సత్యవేదపుస్తకం అనువాదకులు రెండవ ముఖాన్ని చూశారు. ఈ కుటుంబపు మాటే యోహాను 14:16లో పరిశుద్ధాత్మకు పేరైంది. అక్కడ మనం ‘ఆదరణకర్త’ అంటాం. మలయాళీలు ‘కార్యస్థన్’, మన పక్షాన పని చక్కబెట్టేవాడు, అంటారు.

అయితే అదే క్రియ ఫిలేమోను 10వ వచనంలో వచ్చేసరికి మలయాళ బైబిలు కూడా ‘అపేక్షిక్కుక’నే ఎంచుకుంది, తెలుగులో ‘వేడుకొను’ అని ఉంది. ఎందుకంటే అక్కడ సందర్భం మరొక అర్థానికి చోటివ్వదు. దాసుడైన ఒనేసిమును చేర్చుకొమ్మని పౌలు ఫిలేమోనుకు రాస్తున్నాడు. ఆజ్ఞాపించే ధైర్యం తనకున్నదని 8వ వచనంలో చెప్పి, ప్రేమను బట్టి వేడుకొనుటే మేలని 9లో అంటాడు. నీ సమ్మతి లేకుండా ఏమీ చేయనని 14లో చేర్చాడు. అపొస్తలుడు తన అధికారాన్ని పక్కనబెట్టి, నిర్ణయాన్ని ఎదుటివాని చేతిలో పెట్టాడు. బిసీచ్ అనే మాట బరువంతా అక్కడే ఉంది. ఆజ్ఞకు లోబడడమో ఎదిరించడమో ఉంటుంది. బతిమాలినప్పుడు ఎదుటివాడు ‘కాదు’ అనడానికి కూడా స్వేచ్ఛ కలవాడని ఒప్పుకున్నట్టు.

ఈ పాఠం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. కాపరిగా నా తొలి సంవత్సరాలలో, పొలం గట్టు దగ్గర తగాదాపడి ఇద్దరు అన్నదమ్ములు మాటలు మానుకున్నారు. సమాధానపడేవరకు ప్రభువు బల్లలో పాలు లేదని ఆదివారం అందరి ముందూ ఖండితంగా చెప్పాను. చెప్పింది తప్పు కాదనే అనుకున్నాను. మరుసటి వారం నుండి ఇద్దరూ ఆరాధనకే రాలేదు. కొన్ని నెలల తరువాత అన్న ఇంటికి వెళ్లి, అరుగు మీద కూర్చుని, నలుగురిలో అలా అన్నందుకు క్షమించమని అడిగి, తిరిగి రమ్మని బతిమాలాను. తమ్ముడి ఇంటికీ వెళ్లాను. అన్న వచ్చాడు. తమ్ముడు నేటికీ రాలేదు. బతిమాలితే తప్పక వింటారన్న వాగ్దానం ఎక్కడా లేదు.

మన సంఘాలలో తీర్మానాలు, నోటీసులు, హెచ్చరికలు కరువు లేవు. వాటి అవసరం ఉన్న చోట ఉండవచ్చు. కానీ ఈ వారం మీరు ఎవరికైనా ఒక కఠినమైన మాట రాయబోతుంటే, పంపకముందు ఫిలేమోను పత్రికను ఒకసారి చదవండి. ఉన్నది 25 వచనాలే. ఆ తరువాత మీ ఉత్తరంలో క్రియను మార్చవలసి వస్తుందేమో చూడండి. ఇది ఆజ్ఞ కాదు, ప్రియులారా, బతిమాలుకుంటున్నాను.